ఖచ్చితంగా తూగిన మాత్రలు

ఆయనకి కన్నవాళ్ళు ఒక పేరు పెట్టారు గానీ, బజారు ఇంకో పేరు పెట్టింది. బజారు పెట్టిందే నిలిచింది. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఏ కొట్టువాడి దగ్గరా ఒక్క కప్పు టీ అయినా తాగకుండా రిటైరైన మనిషిని 'మిల్లీగ్రాముగారు' అనక ఇంకేమంటారు? ఆయన వీధి మొదట్లో కనబడితే చాలు, చివరి కొట్టు దాకా తక్కెడలు వాటంతటవే సర్దుకునేవని చెప్పుకునేవారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉంది. సర్దింది కొట్టువాళ్ళు.

మిల్లీగ్రాముగారికి ఒక సిద్ధాంతం ఉండేది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళని కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని మరీ చెప్పేవారు.

"ఒక కొట్లో చక్కెర పొట్లాలు పది తూచండి. ఒకటి నాలుగువందల తొంభై ఎనిమిది గ్రాములు, ఇంకోటి ఐదువందల మూడు, మరోటి ఐదువందల ఒకటి ఉందనుకోండి, ఆ కొట్టువాడు మంచివాడు. నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. పదికి పదీ ఒకే బరువు తూగాయా, కూర్చోండి. కుర్చీ వేయించుకుని కూర్చోండి. వాడేదో చేస్తున్నాడు. నిజాయితీపరుడి చెయ్యి కాస్త అటూ ఇటూ అవుతుంది. దొంగ చెయ్యి అవదు, ఎందుకంటే వాడికి భయం."

ఈ సిద్ధాంతంతోనే ఒకసారి తక్కెడ పళ్ళెం అడుగున అయస్కాంతం అంటించుకున్న ఘనుణ్ణి పట్టుకున్నారు. పేపర్లో పడింది. ఫోటో కూడా వేశారు, పక్కన తక్కెడది. సిద్ధాంతం ఒక్కసారి నిజమైతే చాలు, మనిషి మిగతా జన్మంతా దాని మీద బతికెయ్యగలడు.

రిటైరైన రెండో ఏట, ఏదో మామూలు పరీక్షలకని వెళితే, డాక్టరు ఆయన కుడివైపు పక్కటెముకల మీద ఒక గొట్టంలాంటిది ఆనించి టిక్కుటిక్కుమని పది దెబ్బలు వేయించి, తెర మీద అంకె చూపించాడు. పదమూడు పాయింటు ఒకటి. అది లివరు గట్టిదనం.

"లివరంటే స్పాంజిలా ఉండాలండీ. కొవ్వు పట్టి, వాచి, మచ్చలు కట్టి, మీది రబ్బరైపోతోంది. నాలుగు మెట్లలో మూడో మెట్టు మీదున్నారు. నాలుగోది ఎక్కితే ఇంక చెక్కే."

మిల్లీగ్రాముగారు తెరకేసి చూశారు. "ఈ మిషన్ని చివరిసారి ఎప్పుడు సరిచూసి ముద్ర వేశారు?"

డాక్టరుకి ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. మళ్ళీ తీశాడు. పదమూడు.

"తేడా అనుమతించిన పరిధిలోనే ఉంది," అని మిల్లీగ్రాముగారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మంచం అంచు పట్టుకున్నారు.

ఎందుకంటే ఆయన అన్నగారు పోయింది ఈ జబ్బుతోనే. చుక్క మందు ముట్టని మనిషి. చివరికి పొట్ట కుండలా ఉబ్బి, కళ్ళు పచ్చబడి, సొంత తమ్ముణ్ణి పట్టుకుని "మీరెవరి తాలూకు?" అని అడిగాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు 'ఎంత గుట్టుగా తాగేవాడో పాపం!' అని మెచ్చుకుని వెళ్ళారు. ఆ నాలుగో మెట్టు ఎలా ఉంటుందో మిల్లీగ్రాముగారికి ఎవరూ వర్ణించి చెప్పనక్కర్లేదు.

పెద్దాసుపత్రి నాలుగో అంతస్తులో కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నారనీ, మచ్చల్ని వెనక్కి మళ్ళిస్తుందేమో చూస్తున్నారనీ ఆ డాక్టరే చెప్పాడు. అక్కడ వ్యవహారమంతా చూసే కోఆర్డినేటరమ్మాయి ఇరవయ్యారు పేజీల ఒప్పందం ఆయన ముందు పెట్టింది. మనుషులు దాన్ని చివర్నించి మొదలుపెట్టి, సంతకం చెయ్యాల్సిన చోట ఆపేస్తారని ఆమె అనుభవం. మిల్లీగ్రాముగారు రెండున్నర గంటలు చదివారు. మధ్యలో ఆమె భోజనం చేసి వచ్చింది.

"రోజుకో గొట్టం మాత్ర సర్. పొద్దున్నే ఎనిమిదింటికి, ఏదైనా తిన్నాక. సగం మందికి అసలు మందు, సగం మందికి డమ్మీ, అంటే ఉత్తి పిండి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఎవరిది ఏదో మీకు తెలీదు, నాకు తెలీదు, డాక్టరుగారికీ తెలీదు."

"మరెవరికి తెలుసు?"

"కంప్యూటరుకి."

"దాన్నెవరు తనిఖీ చేస్తారు?"

"అది పంతొమ్మిదో పేజీలో ఉంది సర్."

"చదివాను. అక్కడా లేదు."

పదకొండో పేజీలో, ఒంట్లో ఏ చిన్న మార్పొచ్చినా వెంటనే చెప్పాలనీ, ఈ మాత్రలు ఇంకెవరికీ ఇవ్వకూడదనీ, ఇంకెవరివీ పుచ్చుకోకూడదనీ లావుపాటి అక్షరాల్లో ఉంది. ఆ పేజీ కింద మిల్లీగ్రాముగారు ప్రత్యేక శ్రద్ధతో, అక్షరం అక్షరం విడదీసి సంతకం చేశారు.

టన్ను పరిచయమైంది ఆ నాలుగో అంతస్తు వరండాలోనే. సరుకుల యార్డులో క్రేను నడుపుతాడు. పన్నెండు అంతస్తుల ఎత్తున, గాజు గదిలో, రోజుకి ఎనిమిది గంటలు కూర్చుని, కిందికి చూస్తూ ఇనప డబ్బాలు ఎత్తి దించడం అతని పని. కూర్చునే పని కాబట్టి ఒళ్ళు నూట పన్నెండు కిలోలకి చేరింది. యార్డులో పెట్టిన పేరు అతనికీ అలాగే నిలిచిపోయింది. అతను పక్కన కూర్చోగానే బెంచీ మిల్లీగ్రాముగారి వైపు కాస్త పైకి లేచింది.

"క్షమించాలి బావగారూ," అన్నాడు టన్ను, ముక్కూ మొహం తెలియని మనిషితో. "రెండో పక్కన కూడా నాలాంటివాణ్ణి కూర్చోబెడితే సమంగా ఉంటుంది."

మిల్లీగ్రాముగారు నవ్వి చాలా కాలమైంది. తేడాని సమం చెయ్యాలనుకునే మనిషి మీద ఆయనకి అక్కడికక్కడే అభిమానం పుట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరూ నెలనెలా ఒకే రోజు రావడం, రక్తం ఇవ్వడం, చెరో సీసా పుచ్చుకుని కింద క్యాంటీన్లో చక్కెర లేని టీ తాగి మొహాలు చిట్లించుకోవడం మొదలైంది.

మిల్లీగ్రాముగారి ఇంట్లో, గాజు పెట్టెలో ఒక చిన్న తక్కెడ ఉంది. శాఖవాళ్ళు పాతదైపోయిందని పారేస్తుంటే తెచ్చుకున్నది. మిల్లీగ్రాము తేడా పట్టేస్తుంది. దాని ముందు మాట్లాడితే ఊపిరికి ముల్లు కదులుతుందని ఆ గదిలో భార్యని కూడా మాట్లాడనిచ్చేవారు కాదు. ఆవిడ బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ గదిలోకి వెళ్ళడమే మానేసింది.

మూడో నెల సీసా తెచ్చిన రోజు, మిల్లీగ్రాముగారు తలుపేసుకుని ఇరవై ఎనిమిది మాత్రలూ ఒక్కొక్కటే తూచారు. బయటికొచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు.

"ఏమైందండీ?"

"నాలుగువందల పన్నెండు."

"అంటే?"

"ఇరవై ఎనిమిదీ. ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు. నాది డమ్మీ."

"ఎవరు చెప్పారు?"

"తక్కెడ."

ఆవిడ కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది. "మందు చేసేవాళ్ళూ చక్కెర అమ్మేవాళ్ళూ ఒకటేనా?" అని అడిగింది. మంచి ప్రశ్న. మంచి ప్రశ్నలన్నిటికీ పట్టే గతే దానికీ పట్టింది.

ఆ సాయంత్రమే టన్నుని ఇంటికి పిలిపించారు. అతని సీసా కూడా తూచారు. నాలుగువందల తొమ్మిది, నాలుగువందల పదిహేను, నాలుగువందల పద్దెనిమిది, నాలుగువందల ఆరు... మిల్లీగ్రాముగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అందులో సంతోషం ఎంతో అసూయ ఎంతో తూచే తక్కెడ ఇంకా రాలేదు.

"బావా, నీది అసలు సరుకు. అదృష్టవంతుడివి."

టన్ను సీసాకేసి చూశాడు, మిల్లీగ్రాముగారి మొహంకేసి చూశాడు. నలభై టన్నుల డబ్బాని గాల్లో పట్టుకున్నప్పుడు కింద ఎవడో నిలబడి ఉంటే చూసే చూపు అది.

"అయితే చెరిసగం చేసుకుందాం."

"వద్దు బావా. తప్పు."

"తప్పేముంది? మీ అన్నగారి సంగతి చెప్పారుగా. నేనొక్కణ్ణే బాగుపడి, ఈ బెంచీ మీద మీరు లేకుండా ఎవడితో కూర్చోమంటారు?"

మిల్లీగ్రాముగారు మూడుసార్లు వద్దన్నారు. మూడోసారి సీసా మూత తిప్పుతూ అన్నారు.

రెండు సీసాలూ బల్ల మీద పరిచిన పేపరు మీద బోర్లించారు. కలిపారు. చెరో పధ్నాలుగు జతలు లెక్కపెట్టి, ఇరవై ఎనిమిదేసి నింపుకున్నారు. కలపడం కూడా న్యాయంగా జరగాలని, ఏది ఎవరిదో తెలియకుండా మిల్లీగ్రాముగారు కళ్ళు మూసుకుని కలిపారు. న్యాయదేవతకి గంతలు ఉంటాయి గదా.

"ఆ పిల్ల అడిగితే?" అంది భార్య గుమ్మంలోంచి.

"అడిగేది లెక్క. లెక్క సరిపోతుంది."

లెక్క నిజంగానే సరిపోయింది. నాలుగో నెలా సరిపోయింది, ఐదో నెలా సరిపోయింది. ఖాళీ సీసాలు తీసుకుని కోఆర్డినేటరమ్మాయి "మీ ఇద్దరంత పద్ధతైన పేషెంట్లు నాకు లేరు సర్," అంది. మిల్లీగ్రాముగారి అంకె పన్నెండుకి దిగింది, ఆ తర్వాత పది పాయింటు తొమ్మిదికి దిగింది. ఆ రోజు ఇంటికి నడిచే వచ్చారు. దారిలో ఒక పళ్ళ బండి తక్కెడ కాస్త పక్కకి ఒరిగి ఉండటం చూసి కూడా ఏమీ అనలేదట. బండివాడు రెండు రోజులు భయపడ్డాడు.

టన్నుకి దురద మొదలైంది ఆ రోజుల్లోనే.

మొదట అరిచేతులు, తర్వాత అరికాళ్ళు. గాజు గదిలో కూర్చుని వాకీటాకీ కమ్మితో వీపు గోక్కునేవాడు. క్యాంటీన్లో టీ గ్లాసుకేసి అరిచేతులు రాస్తూ నవ్వుతూనే చెప్పాడు.

"ఏంటో బావగారూ, ఒళ్ళంతా ఎవరో లోపల్నించి దులుపుతున్నట్టుంది. ఆ అమ్మాయికి చెప్పాలేమో."

మిల్లీగ్రాముగారు గ్లాసు కింద పెట్టారు. ఆయన బుర్రలో ఒక లెక్క తిరిగింది. చెబితే ఆపేస్తారు. ఆపేస్తే టన్ను సీసా ఉండదు. టన్ను సీసా లేకపోతే తన సీసాలో మిగిలేది ఉత్తి పిండి. ఆ పైన నాలుగో మెట్టు.

"అసలు మందు కదా బావా, పనిచేస్తున్నప్పుడు అలాగే ఉంటుంది. దురద ఒక జబ్బేంటి? గాజు గదిలో ఎండ. ఇలాంటివన్నీ రాయిస్తే వాళ్ళకి కాగితం ఖర్చు."

"అంతేనంటారా?"

"అంతే."

టన్ను నమ్మాడు. మిల్లీగ్రాముగారు అంతే అంటే బజారంతా నమ్మేది. అతనొక్కడూ నమ్మకపోవడానికేం?

ఆరో నెల మధ్యలో టన్ను ఒక ఇనప డబ్బాని ఎత్తి, దించాల్సిన లారీ మీద కాకుండా పక్క లారీ మీద దించాడు. పక్క లారీ మీద అప్పటికే డబ్బా ఉంది. డ్రైవరు కింద టీ తాగుతున్నాడు కాబట్టి బతికాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. ఎందుకు చేశావని మేస్త్రీ అడిగితే టన్ను చాలాసేపు ఆలోచించి, "అక్కడ ఖాళీగా కనబడింది," అన్నాడట. అప్పుడు చూశారు అందరూ, కళ్ళు పచ్చగా ఉన్నాయని. ఆసుపత్రిలో రక్తం తీస్తే, నలభై లోపు ఉండాల్సిన అంకె ఆరువందల నలభై ఉంది. అదే అంతస్తులో, చివరి వార్డులో పడుకోబెట్టి, మాత్రలు ఆపించారు.

ఐదు రోజుల తర్వాత, సాయంకాలం ఇంకా వెలుతురుండగానే టన్ను భార్య ఫోన్ చేసింది. బట్టలు కుట్టే మనిషి. ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల మిషను చప్పుడు వినబడేది. ఆ రోజు వినబడలేదు.

"అన్నయ్యగారూ, మీరొక్కసారి చెప్పండి ఆ డాక్టరుకి. నేను ఈయనకి ఏ నాటుమందూ పెట్టలేదని చెప్పండి."

"ఎవరన్నారమ్మా పెట్టావని?"

"ఆయనే. పైవాళ్ళు కంప్యూటరు తెరిపించి చూశారట. ఈయన మింగిన గొట్టాల్లో మందే లేదట అన్నయ్యగారూ, ఉత్తి పిండేనట. మరి లివరు ఇలా ఎందుకైంది, ఏం పెట్టావు, ఏం తాగించావు అని నన్ను నిలబెట్టి అడిగారు. నిమ్మకాయ నీళ్ళు తప్ప ఏం ఇవ్వలేదంటే నమ్మరే!"

మిల్లీగ్రాముగారు ఫోను రెండో చెవికి మార్చుకున్నారు.

"రేపు తొమ్మిదింటికి సూది పెట్టి లివరులోంచి ముక్క తీస్తారట. తన ఒళ్ళే తన లివరుని తింటోందేమోనని ఏవో గట్టి మందులు మొదలెడతారట. ఆ గొట్టాలు మళ్ళీ వేసుకోమన్నారు. పిండేగా, వాటివల్ల ఏం కాదు, పరీక్ష లెక్క పాడవుతుంది, రేపు పొద్దున్నించి మొదలెట్టమన్నారు. పిండని ఆయనకి మాత్రం చెప్పొద్దన్నారు. వింటున్నారా అన్నయ్యగారూ?"

"వింటున్నానమ్మా."

"మీరే కాస్త..." అని ఆవిడ ఇంకేం అనలేక పెట్టేసింది.

మిల్లీగ్రాముగారు తక్కెడ గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. టన్నుది పిండి. అయితే ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిదీ ఖచ్చితంగా తూగినవే అసలు మందు. టన్ను ఒంట్లోకి వెళ్ళింది తన మందు. కళ్ళు మూసుకుని, న్యాయంగా, సగానికి సగం. అది ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. టన్ను మంచం పక్కనున్న సీసాలో ఇంకా పది పన్నెండు ఉంటాయి. వాటిలో సగం తనవే. రేపు ఎనిమిదింటికి అతను గుటుక్కున ఒకటి మింగుతాడు. ఏది చేతికొస్తుందో ఆ కంప్యూటరుకి కూడా తెలియదు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. రాలేదని చెబితే ఆయన జీవితం గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. పదమూడు నుంచి పదకొండుకి దిగింది తన మందుతోనే. ఇక ముందు సగం కాదు, పూర్తిగా తనకే. నోరు విప్పితే ఇద్దర్నీ పరీక్షలోంచి తీసేస్తారు.

భార్య లోపలికొచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గదిలో మాట్లాడింది.

"ఫోన్లో నాకూ వినబడింది."

"పొద్దున్నే వెళ్ళి, ఎవరూ చూడకుండా ఆ సీసా తెచ్చేస్తాను. ఇంక మింగడు. తగ్గిపోతుంది."

"సీసా తెచ్చేస్తారు సరే. తొమ్మిదింటికి వాళ్ళు పెట్టబోయే సూది కూడా తెచ్చేస్తారా? ఆ గట్టి మందులు? కారణం తెలియక వాళ్ళు లేని జబ్బుకి వైద్యం చేస్తారు. ఆవిణ్ణి మొగుడికి విషం పెట్టినదాన్ని చూసినట్టు చూస్తారు."

"నాకు నాలుగో మెట్టేనే."

ఆ మెట్టు మీద ఉన్న బావగారికి ఎనిమిది నెలలు పక్క దుప్పట్లు మార్చింది ఆవిడే. అన్నీ తెలిసే అంది.

"ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరి మీదైనా కేసు రాసేముందు ఇంతసేపు ఆలోచించారా మీరు?"

ముల్లు ఊగి ఊగి ఎక్కడో ఆగింది.

పొద్దున్నే ఏడుంపావుకి బయల్దేరారు. బస్సు ఆగక్కర్లేని చోటల్లా ఆగింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. నాలుగు అంతస్తులు మెట్లెక్కుతూ ఆయన ఒక్కొక్క అంతస్తూ లెక్కపెట్టారు. నాలుగోది రాగానే లెక్క ఆపేశారు. ఎనిమిదికి మూడు నిమిషాలుంది.

టన్ను మంచం మీద కూర్చుని ఉన్నాడు. నూట పన్నెండు కిలోల మనిషి అలాగే ఉన్నాడు గానీ, పొట్ట ఒక్కటే పెరిగి, మిగతాదంతా దాని వెనక దాక్కున్నట్టుంది. ఒక చేతిలో గ్లాసు, రెండో అరిచేతిలో మాత్ర. భార్య రొట్టె పొట్లం మడతపెడుతోంది. టన్ను తలెత్తి మిల్లీగ్రాముగారిని చూసి, చాలా మర్యాదగా అన్నాడు.

"కొంచెం పక్కకి జరగండి సార్. మీ తల మీద డబ్బా ఉంది."

మిల్లీగ్రాముగారు పైకి చూశారు. ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఆయనకి అన్నగారి గొంతు వినబడింది.

"బావా, నేనోయ్. మిల్లీగ్రాముని."

"ఆఁ, తెలుసు," అన్నాడు టన్ను, తెలియనివాళ్ళతో అనే పద్ధతిలో. "జరగండి. దించేస్తా." మాత్ర నోటిదాకా తెచ్చాడు.

మిల్లీగ్రాముగారు ఆ మణికట్టు పట్టుకున్నారు. జీవితంలో ఎన్నో చేతులు పట్టుకున్నారు, తక్కెడ పళ్ళెం మీద వేలు ఆనించినవి, గుండు దాచినవి. ఒక్క చెయ్యీ ఇంత వేడిగా లేదు. మాత్ర వేళ్ళ మధ్యనుంచి తీసి జేబురుమాల్లో మూటకట్టారు. సీసా కూడా తీసుకున్నారు.

"అన్నయ్యగారూ, ఏంటిది?" అంది ఆవిడ.

"తప్పు నీది కాదమ్మా. వీటిలో సగం నావి. డాక్టర్ని పిలువు. ముక్క తియ్యొద్దను."

పదినిమిషాల్లో డాక్టరు వచ్చాడు, కోఆర్డినేటరమ్మాయి బ్యాగు భుజాన వేలాడుతుండగానే వచ్చింది. మిల్లీగ్రాముగారు వరుసగా చెప్పారు. తక్కెడ, పేపరు, కళ్ళు మూసుకోవడం, క్యాంటీను, దురద. దురద దగ్గర ఒక్కసారి ఆగి, అదీ చెప్పారు. ఆ మాటకి టన్ను భార్య ఆయనకేసి చూసింది. ఆ తర్వాత ఇంక ఆయనకేసి చూడలేదు.

"ఏది డమ్మీయో మీకు తెలుసని ఎలా అనుకున్నారు?" అన్నాడు డాక్టరు.

"ఖచ్చితంగా తూగింది కాబట్టి."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "బరువుకీ మందుకీ సంబంధమే లేదండీ. రెండూ వేర్వేరు రోజుల్లో నింపుంటారు. ఏదైనా ఎలాగైనా తూగుండొచ్చు. అంతే."

అంతే. ముప్ఫై నాలుగేళ్ళ సిద్ధాంతానికి అంత్యక్రియలు రెండక్షరాలు కూడా దాటలేదు.

సూది రద్దయింది. డాక్టరు వరండాలోకెళ్ళి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. వరండా బెంచీల మీద సీసాలు పట్టుకుని కూర్చున్న తొమ్మిది మందిని "ఈ రోజు ఎవరూ వేసుకోకండి, చెప్పేదాకా వేసుకోకండి," అని నర్సు ఒకామె హడావిడిగా తిరిగి చెబుతోంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఒకాయన అప్పుడే తన అరిచెయ్యి గోక్కోవడం ఆపి, దాన్ని తిప్పి చూసుకున్నాడు.

కోఆర్డినేటరమ్మాయి నియమోల్లంఘన పత్రం తెచ్చింది. "నేను రాస్తాను సర్, మీరు చెప్పండి," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నేనే రాస్తాను. నాకు అలవాటు."

నిలబడే రాశారు. తేదీ, సమయం, స్థలం. పట్టుబడిన వస్తువు: సీసా ఒకటి, అందులో మాత్రలు పదకొండు, విడిగా ఒకటి. నిందితుడి వివరాలు. అక్షరం అక్షరం విడదీసి, పదకొండో పేజీ కింద చేసినట్టే సంతకం చేశారు. ఒక్క గడి దగ్గర కలం ఆగింది. 'రెండో వ్యక్తి మింగిన అసలు మాత్రల సంఖ్య.'

కలిపినవాడు కళ్ళు మూసుకున్నాడు. మింగినవాడికి ఇప్పుడు తన పేరే సరిగ్గా గుర్తులేదు. మిల్లీగ్రాముగారు చాలాసేపు చూసి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరు రాసినా ఎర్రసిరాతో కొట్టేసిన మాట ఒకటి అక్కడ రాశారు: 'సుమారు'. దాని పక్కన యాభై అని వేశారు.

"అతనికి తగ్గుతుందా?" అని అడిగారు.

"ఇప్పుడు కనీసం దేనికి వైద్యం చేస్తున్నామో తెలిసింది. మీరు రెండు వారాల ముందు చెప్పుంటే ఇంకా బాగా తెలిసేది," అన్నాడు డాక్టరు. తర్వాత దగ్గరికొచ్చాడు. "కళ్ళు ఇటు తిప్పండి. పైకి చూడండి. వెలుతురులోకి రండి."

వెలుతురులోకి వచ్చారు. డాక్టరు చూశాడు. రెండోసారి చూశాడు. నర్సుని పిలిచి రక్తం తియ్యమన్నాడు.

నర్సు ఆయన్ని బెంచీ చివర కూర్చోబెట్టింది. రెండో చివర ఎవరూ లేరు. ఆరు గొట్టాలు నిండాయి. ఆమె వాటిని వరుసగా నిలబెట్టి చీటీలు అంటిస్తోంది. ఫలితం నాలుగింటికి వస్తుందంది. మూడో గొట్టంలో రక్తం మిగతావాటికన్నా వేలెడు తక్కువ ఉంది. మిల్లీగ్రాముగారు అది చూశారు. ఏమీ అనలేదు.

చివరి వార్డులోంచి టన్ను గొంతు వినబడుతూనే ఉంది. కింద ఉన్నవాళ్ళని తప్పుకోమని, మర్యాదగా, మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు.